గ్రాఫీన్ వార్తల్లో కనిపించని రాగి రేకు

సంపాదకులకు,

నమస్కారం. గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క పరమాణువు మందంలో, షడ్భుజాల వలలా అల్లుకున్న కార్బన్ పొర. దాని మీద తెలుగు పత్రికల్లో వ్యాసం వచ్చిందంటే అందులో మూడు మాటలు తప్పకుండా ఉంటాయి. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్‌ను సెల్లోటేపుతో ఒలిచి దీన్ని రాబట్టారు. ఉక్కు కన్నా రెండు వందల రెట్లు బలమైనది. త్వరలో చుట్ట చుట్టి జేబులో పెట్టుకునే ఫోన్లు వస్తాయి. మొదటి మాటలో తప్పేమీ లేదు. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ చేసింది అదే. 2010లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది ఆ పదార్థం మీద చేసిన ప్రయోగాలకే. అయితే టేపుకు అంటుకుని వచ్చే పెచ్చుల సైజు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, ఉంటుంది. సిలికాన్ ముక్క మీద అద్ది, మైక్రోస్కోపు కింద ఓపిగ్గా వెతికితే ఒకటో రెండో ఒంటిపొర పెచ్చులు దొరుకుతాయి. పరిశోధనకు అవి చాలు. తెర చేయడానికి, సెన్సర్లు వందల కొద్దీ అచ్చుపోయడానికి చాలవు. అరచేయంత, దుప్పటంత పొర కావాలంటే లోహం మీద పెంచాల్సిందే.

ఆ పెంపకం ఎలా జరుగుతుందో మన పత్రికల్లో దాదాపు రాదు. రాకపోవడం వల్ల నష్టపోతున్నవాళ్లు ఇద్దరు. ఫైనలియర్ ప్రాజెక్టుగా గ్రాఫీన్ ఎంచుకుని, ఏ రకం గ్రాఫీనో తెలియకుండానే రసాయనాలు కొనే ఇంజనీరింగ్ విద్యార్థులు ఒకరు. కారుకు, బైకుకు, వంటపాత్రకు ‘గ్రాఫీన్ కోటింగ్’ అనగానే నమ్మి డబ్బు పెట్టేవాళ్లు రెండోవారు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా, పని జరిగే తీరు రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే: పొర మంచి చెడ్డలు కార్బన్ చేతిలో కన్నా దాని కింద ఉన్న లోహం చేతిలో ఎక్కువ, ఆ లోహం నుంచి పొరను విడదీసే వాళ్ల చేతిలో ఇంకా ఎక్కువ.

లోహం ఎందుకు అన్నది ముందు చూద్దాం. పొరకు కావాల్సిన కార్బన్ మామూలుగా మీథేన్ వాయువు నుంచి వస్తుంది. అందులో కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య బంధం గట్టిది. ఉత్త వేడితోనే దాన్ని తెంపాలంటే చాలా ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి, అప్పుడు వచ్చేది మసి. వేడి లోహపు ఉపరితలం ఆ బంధాన్ని తేలిగ్గా తెంపి, విడిపోయిన కార్బన్ పరమాణువులు అటూ ఇటూ తిరిగి షడ్భుజాలుగా కుదురుకునే చదును నేలను ఇస్తుంది. నికెల్, ప్లాటినం, రుథీనియం వంటి లోహాల మీద గ్రాఫైట్ పొరలు ఏర్పడతాయని ఉపరితల శాస్త్రవేత్తలకు 1960లు, 70ల నుంచే తెలుసు. అప్పట్లో వాళ్లకది ఉత్ప్రేరకాన్ని పాడుచేసే మురికి మాత్రమే. జపాన్‌లోని చూబు విశ్వవిద్యాలయంలో ప్రకాశ్ సోమాని, సవితా సోమాని, మసయోషి ఉమెనో 2006లో నికెల్ మీద కర్పూరం ఆవిరితో కొద్ది పొరల గ్రాఫీన్ పెంచారు. మన హారతి పళ్లెంలో వెలిగే కర్పూరమే. ఈ రంగంలో తొలి ప్రయత్నాల్లో అదొకటన్న సంగతి మన పత్రికల్లో ఎందుకు రాలేదో నాకు ఆశ్చర్యమే.

2008 చివర, 2009 మొదట్లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు, దక్షిణ కొరియా వాళ్లు నికెల్ మీద పెద్ద పొరలు చూపించారు. నికెల్‌తో ఒక చిక్కుంది. 1,000 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది నూటికి ఒకటికి పైగా కార్బన్ పరమాణువులను తనలో కరిగించుకుంటుంది. చల్లారేటప్పుడు ఆ కార్బన్ అంతా బయటికి వస్తుంది, ముదురు పాకం చల్లారితే గిన్నె అంచుల్లో చక్కెర పలుకులు కట్టినట్టు. ఎక్కడ ఎంత వస్తుందో మన చేతిలో ఉండదు. లోహపు స్ఫటికాలు ఒకదానికొకటి తగిలే హద్దుల దగ్గర ఎక్కువ కార్బన్ తేలి అక్కడ ఐదారు పొరలు, పక్కనే ఒకటి రెండు పొరలు ఏర్పడతాయి. నికెల్‌ను 300 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) పలుచని పూతగా వాడితే కరిగే కార్బన్ మొత్తం తగ్గుతుంది. చల్లార్చే వేగం సరిచూసుకుంటే ఇంకొంత మెరుగు. అంతే, పూర్తిగా ఒకే పొర రావడం కష్టం.

2009 జూన్‌లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాడ్నీ రూఫ్ బృందం రాగి రేకు మీద ఫలితం ప్రకటించడంతో దారి మారింది. రాగిలో కార్బన్ దాదాపు కరగదు, 1,000 డిగ్రీల దగ్గర కూడా నూటికి వెయ్యో వంతుల్లోనే. కాబట్టి లోపల దాక్కుని తరువాత బయటికొచ్చే కార్బన్ లేదు. పైన పడ్డదే పైన పొరవుతుంది. పొర పూర్తిగా కప్పేశాక మీథేన్‌ను విరగ్గొట్టడానికి ఖాళీ రాగి మిగలదు, పెరుగుదల తనంతట తనే ఆగుతుంది. వాళ్ల పొరలో 95 శాతం పైగా ఒకే పొర. పది నిమిషాలు పెంచినా, గంట పెంచినా దాదాపు అదే ఫలితం. అదే ఏడాది వాళ్లు మామూలు మీథేన్‌ను, బరువైన కార్బన్-13తో చేసిన మీథేన్‌ను మార్చి మార్చి పంపి ఈ తేడాను రుజువు చేశారు. నికెల్ మీద రెండు కార్బన్లూ కలగలిసిపోయాయి. రాగి మీద ఏ విడతది ఆ విడతగా వలయాలు వలయాలుగా కనిపించింది.

ఇక పని. మామూలుగా వాడే రేకు 25 మైక్రాన్ల మందం, 99.8 శాతం లేదా అంతకన్నా శుద్ధమైన రాగి. గ్రాఫీన్ పొర మందం సుమారు 0.34 నానోమీటరు. అంటే కింది రేకు పొర కన్నా దాదాపు 75 వేల రెట్లు మందం. లెక్క ఇంకోలా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: ఒక చదరపు మీటరు గ్రాఫీన్ బరువు 0.77 మిల్లీగ్రాము, దాన్ని పెంచిన రాగి బరువు సుమారు 224 గ్రాములు. చివర్లో మామూలుగా ఆ రాగినంతా ద్రావణంలో కరిగించేస్తారు. గ్రాఫీన్ ముడిసరుకు చవకే అని రాసేవాళ్లు ఈ 224 గ్రాములను లెక్కలోకి తీసుకోరు.

కొన్న రేకు కొన్నట్టు వాడితే పని చెడుతుంది. రోలర్ల మధ్య సాగదీసిన గీతలు దాని మీద ఉంటాయి. నల్లబడకుండా పూసిన పలుచని రక్షణ పూత ఉంటుంది. చేతి నూనె, దుమ్ము సరేసరి. ప్రతి గీతా, ప్రతి మరకా ఒక కొత్త గ్రాఫీన్ స్ఫటికం మొలిచే చోటవుతుంది. అసిటోన్‌లో, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడగాలి. పది నిమిషాలు ఎసిటిక్ ఆమ్లంలో ఉంచితే పై ఆక్సైడ్ పోతుంది. రక్షణ పూత మొండిగా ఉంటే పలుచని నైట్రిక్ ఆమ్లంలో కొద్ది సెకన్లు ముంచాలి. ఆపైన అయాన్లు తీసిన నీటితో కడిగి నైట్రోజన్ ఊది ఆరబెట్టాలి. గీతలు పోవాలంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ప్రధానంగా ఉన్న ద్రావణంలో ఎలక్ట్రోపాలిష్ చేస్తారు, అంటే విద్యుత్తు పంపి నునుపు చేస్తారు. ఈ మొత్తంలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది రేకును చదునుగా ఉంచడం. పట్టకారుతో పట్టుకున్న చోట చిన్న నొక్కు పడినా, చివరికి గాజు మీదికి దించినప్పుడు పొర సరిగ్గా అక్కడే చిరుగుతుంది. శుభ్రమైన రెండు గాజు పలకల మధ్య పెట్టి చదును చేశాకే లోపలికి పంపాలి.

లోపల అంటే క్వార్ట్జ్ గొట్టం చుట్టూ ఉన్న ట్యూబ్ ఫర్నేస్. ఒక చివర వాయువుల వేగం కొలిచి పంపే కంట్రోలర్లు, మరో చివర వ్యాక్యూమ్ పంపు. రేకు పెట్టి గాలి లాగేశాక పంపు వాల్వు మూసి, పీడనం ఎంత వేగంగా పెరుగుతుందో ఐదు నిమిషాలు చూడాలి. పెరుగుతుంటే ఎక్కడో లీకు. గొట్టం చివర బిగించే రబ్బరు వలయం, ఓ-రింగ్, మీద ఒక్క దారప్పోగు చాలు. లీకు ఉండగా వేడి చేస్తే మొదట పాడయ్యేది నమూనా, ఆ తరువాత జరిగేది ఇంకా ప్రమాదం. ఆ సంగతి కింద రాస్తాను.

టెక్సస్ బృందం ప్రకటించిన పద్ధతి ఇది: నిమిషానికి 2 ఘన సెంటీమీటర్ల హైడ్రోజన్, 40 మిల్లీటార్ పీడనం (టార్ అంటే వ్యాక్యూమ్ పనిలో పీడనం కొలిచే ప్రమాణం, మిల్లీటార్ అందులో వెయ్యో వంతు) దగ్గర 1,000 డిగ్రీలకు వేడి చేయడం, ఆ వేడిలో ఉంచి రాగిని కుదుటపరచడం, తరువాత నిమిషానికి 35 ఘన సెంటీమీటర్ల మీథేన్ ఇచ్చి మొత్తం పీడనం 500 మిల్లీటార్ దగ్గర పొర పెంచడం, చల్లార్చడం. చూడటానికి వంటల పుస్తకంలోని కొలతల్లా ఉన్నా ఈ అంకెలను అలాగే ఎత్తుకెళ్లి మరో ఫర్నేస్‌లో పెడితే అదే ఫలితం రాదు. గొట్టం వ్యాసం, పంపు వేగం, వేడి మండలం పొడవు వేరైతే రేకు మీద ఉండే మీథేన్ వేరవుతుంది.

రాగిని కుదుటపరచడానికి మామూలుగా ఇచ్చే అరగంటను తగ్గించుకునే ఆశ చాలామందికి ఉంటుంది. తగ్గించకూడదు. హైడ్రోజన్ మిగిలిన ఆక్సైడ్‌ను తీసేసేది, రాగి స్ఫటికాలు పక్కవాటిని మింగుతూ పదుల మైక్రాన్ల నుంచి వందల మైక్రాన్లకు, ఒక్కోసారి మిల్లీమీటర్లకు పెరిగేది ఆ అరగంటలోనే. రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గర. పొర పెంచేది 1,000 నుంచి 1,050 మధ్య. చేతిలో ఉన్న వెసులుబాటు అంతే. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ గొట్టం బయట ఉండి రేకు ఉష్ణోగ్రతను 30, 40 డిగ్రీలు తక్కువ చూపిస్తే, పొద్దున తెరిచేసరికి రేకు స్థానంలో రాగి గుండ్లు ఉంటాయి. కరగకపోయినా తక్కువ పీడనంలో రాగి ఆవిరవుతూనే ఉంటుంది. గొట్టం చల్లటి చివరల్లో అద్దంలా మెరిసే పూత ఆ ఆవిరే. దాన్ని అప్పుడప్పుడు నైట్రిక్ ఆమ్లంతో కడగకపోతే తరువాతి నమూనాల మీద రాలుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కిన క్వార్ట్జ్ కూడా పొడిబారి సిలికా నలుసులు రాలుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తెల్లటి చుక్కలు కనిపిస్తే మీథేన్‌ను అనుమానించే ముందు గొట్టం పైభాగం వైపు చూడాలి. రేకునే సంచీలా మడిచి అంచులు నొక్కి, లోపలి ముఖం మీద పెంచడం ఒక ఉపాయం. ఆవిరి అక్కడక్కడే తిరిగి స్థిరపడుతుంది, లోపలికి చేరే మీథేన్ తగ్గుతుంది, గ్రాఫీన్ పొర మొదలయ్యే మొలకలు తగ్గుతాయి. 2011లో ఈ పద్ధతితోనే అర మిల్లీమీటరు గ్రాఫీన్ స్ఫటికాలు వచ్చాయి.

మొలకల సంఖ్యే అసలు కీలకం. మీథేన్ ఎక్కువిస్తే రేకు నిండా ఒక్కసారిగా వేల మొలకలు లేచి త్వరగా కలిసిపోతాయి. కలిసిన ప్రతి చోటా ఒక అతుకు. దిశలు కుదరని రెండు షడ్భుజాల వలలు కలిసే ఆ గీతలో ఐదు భుజాలవి, ఏడు భుజాలవి వస్తాయి, విద్యుత్తు అక్కడ తడబడుతుంది. మీథేన్ తక్కువిస్తే మొలకలు తక్కువ, స్ఫటికాలు పెద్దవి, సమయం గంటల్లో. దిశ ముందే కుదిర్చితే అతుకు సమస్యే తగ్గుతుందన్నది చైనా వాళ్లు పట్టుకున్న దారి. రాగి రేకునంతా 111 అనే ముఖం (పరమాణువులు షడ్భుజాల అమరికలో ఉండే తలం) పైకి వచ్చేలా ఒకే స్ఫటికంగా మార్చి, మొలకలన్నీ ఒకే వైపు తిరిగి పుట్టేలా చేసి, పెకింగ్ విశ్వవిద్యాలయం బృందం 2017లో 5 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవున్న పొరను 20 నిమిషాల్లో పెంచింది. అక్కడ గెలిచింది కార్బన్ రసాయనం కన్నా రాగి లోహశాస్త్రం.

చల్లార్చేటప్పుడు ఒక పాఠం అందరూ చెబుతారు: మీథేన్‌ను ముందే ఆపి హైడ్రోజన్ ఒక్కటే వదిలితే అది పొరను తినేస్తుంది, షడ్భుజాకారపు రంధ్రాలు పడతాయి. రంధ్రాలు పడేది నిజం. తినేది హైడ్రోజనేనా అన్నది వేరే ప్రశ్న. బాగా శుద్ధి చేసిన హైడ్రోజన్‌లో పొర చెక్కుచెదరలేదని మాంట్రియల్ బృందం 2013లో చూపించింది. పాపం సిలిండర్‌లో లేశమాత్రంగా ఉన్న ఆక్సిజన్‌ది. అదే 2013లో మరో బృందం పెంపకానికి ముందు రాగి ఉపరితలాన్ని ఆక్సిజన్‌కు గురిచేస్తే మొలకలు బాగా తగ్గి సెంటీమీటరు సైజు స్ఫటికాలు వస్తాయని తేల్చింది. ముందు ఇస్తే మందు, మధ్యలో వస్తే విషం. ఒకే రేకు, ఒకే అంకెలు పెట్టినా సోమవారం వచ్చిన పొర గురువారం ఎందుకు రాదన్న ఏళ్ల నాటి సణుగుడుకు దీంతో చాలావరకు జవాబు దొరికింది. కొలంబియా, మాంట్రియల్ బృందాలు 2024లో ఆక్సిజన్ లేశాలను దాదాపు తీసేసి పెంచి, ప్రతిసారీ ఒకే రకం పొర వస్తుందని చూపించాయి. అందుకే 99.999 శాతం శుద్ధమైన వాయువు కొనడంతో పని అయిపోదు. సిలిండర్‌కూ ఫర్నేస్‌కూ మధ్య ప్యూరిఫయర్ పెట్టడం, ప్లాస్టిక్ గొట్టాల బదులు స్టీలు గొట్టాలు వాడటం ఖర్చు దండగ అనుకునేవాళ్లు ఆ ఖర్చును పాడైన నమూనాల రూపంలో కడతారు.

చల్లారే క్రమంలో ఇంకో నష్టం తప్పనిసరిగా జరుగుతుంది. రాగి కుంచించుకుపోతుంది, గ్రాఫీన్ కుంచించుకోదు, పైగా కొంచెం సాగే స్వభావం దానిది. మిగులు పొర ముడతలుగా, మడతలుగా లేస్తుంది. దీనికి చాలాకాలం మందు లేదనుకున్నారు. కొరియాలోని ఉల్సాన్‌కు మారిన రూఫ్ బృందమే 2021లో రాగి-నికెల్ మిశ్రమలోహపు ఏకస్ఫటిక రేకు మీద, మీథేన్ బదులు ఇథిలీన్ వాడి, దాదాపు 730 నుంచి 755 డిగ్రీల మధ్య మాత్రమే పెంచి మడతలు లేని పొర తెచ్చింది. తక్కువ వేడిలో మొదలుపెడితే కుంచించుకునేదీ తక్కువే. ఇది అందరి చేతికీ అందే పద్ధతి కాదు. ఆ ఏకస్ఫటిక రేకు తయారీయే పెద్ద పని.

ఇంతవరకు వచ్చిన పొర రాగి మీద ఉంది. రాగి విద్యుత్తును తనే మోసుకుపోతుంది కాబట్టి అక్కడ అది ఎందుకూ పనికిరాదు. గాజు మీదికో సిలికాన్ మీదికో దించాలి. నా లెక్కలో మొత్తం కష్టంలో సగానికి పైగా ఇక్కడే.

పొర మీద పీఎంఎంఏ, అంటే ఆక్రిలిక్ షీట్లు చేసే ప్లాస్టిక్కే, ద్రావణంగా పోసి నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిప్పి పలుచగా పరుస్తారు. రేకుకు రెండు వైపులా పొర పెరిగిందని మరచిపోకూడదు. వెనకవైపు పొరను ఆక్సిజన్ ప్లాస్మాతో తీసేయకపోతే రాగి కరిగాక అది చీలికలుగా వచ్చి పై పొర అడుగున అతుక్కుంటుంది. తరువాత రాగి వైపు కిందికి ఉండేలా ద్రావణం మీద తేలనివ్వాలి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు సర్క్యూట్ బోర్డులు చెక్కే ఫెర్రిక్ క్లోరైడ్ బాగా తెలుసు, చేతికందేదీ అదే, కానీ అది ఇనుము మరకలు వదులుతుంది. అమోనియం పర్‌సల్ఫేట్ శుభ్రమైనది. 0.1 మోలార్ చాలు, లీటరుకు దాదాపు 23 గ్రాములు. తొందరపడి గాఢత పెంచితే బుడగలు పుట్టి పొరను కింద నుంచి చీలుస్తాయి. 25 మైక్రాన్ల రాగి కరగడానికి గంటలు పడుతుంది, రాత్రంతా వదిలేయడం మేలు. ఆ తరువాత నీటి తొట్ల మీద మార్చి మార్చి మూడు నాలుగు సార్లు కడగాలి. చివర్లో శుభ్రం చేసిన సిలికాన్ ముక్కను నీళ్లలోంచి వాలుగా పైకి తెస్తూ పొరను దాని మీదికి ఎక్కించి, నిలువుగా ఆనించి నీరు కారనివ్వాలి. తొందరపడి నేరుగా హాట్‌ప్లేట్ మీద పెడితే కింద చిక్కుకున్న నీరు మరిగి పొరను పగలగొడుతుంది. పూర్తిగా ఆరాక 150 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, అప్పుడు అసిటోన్‌తో ప్లాస్టిక్‌ను తీస్తారు. దానికి ముందు ఇంకో చుక్క పీఎంఎంఏ వేస్తే గట్టిపడిన మొదటి పూత మెత్తబడి, పొర కిందికి కుదురుకుని, పగుళ్లు తగ్గుతాయి. చిన్న కిటుకు, పెద్ద ఫలితం. ఎంత కడిగినా ప్లాస్టిక్ కొంత మిగులుతుంది. హైడ్రోజన్, ఆర్గాన్‌లలో 300 డిగ్రీల పైన వేడి చేస్తే తగ్గుతుంది, మొత్తం పోదు.

రాగిని కరిగించకుండా విడదీసే దారీ ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రేకును రుణధ్రువంగా కడితే, పొరకూ లోహానికీ మధ్య పుట్టే హైడ్రోజన్ బుడగలు దాన్ని నిమిషాల్లో లేపేస్తాయి. రేకును మళ్లీ వాడుకోవచ్చు. ప్లాటినం వంటి ఖరీదైన లోహం మీద పెంచడం ఈ పద్ధతితోనే సాధ్యపడింది. బుడగలు అదుపు తప్పితే మాత్రం చిరుగులే.

‘ఉక్కు కన్నా రెండు వందల రెట్లు’ అన్న మాట ఇక్కడ సరిచూసుకోవాలి. ఆ కొలత 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంలో టేపుతో ఒలిచిన, లోపం లేని పెచ్చుల మీద తీసినది. సుమారు 130 గిగాపాస్కల్స్. లోహం మీద పెంచి దించిన పొరలు మొదట్లో దాని ముందు తేలిపోయాయి. అతుకులే కారణమని అందరూ అనుకున్నారు. 2013లో కొలంబియా వాళ్లే మళ్లీ పరీక్షిస్తే తేలింది వేరు: ఫెర్రిక్ క్లోరైడ్ వాడటం, గాలిలో వేడి చేసి ప్లాస్టిక్ తీయడం అతుకులను బలహీనపరుస్తున్నాయి. ఆ రెండూ మానేసి దించిన పొర ఒలిచిన పెచ్చుకు దగ్గరి బలం చూపింది. పెంచిన పొర మంచిదే, చెడింది దించిన చోట.

వచ్చిన పొర బాగుందో లేదో తెలుసుకునే తొలి పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రేకును గాలిలో హాట్‌ప్లేట్ మీద 160–200 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచితే, పొర కప్పని రాగి ఎర్రబారుతుంది, కప్పిన చోట మెరుపు మిగులుతుంది. మామూలు మైక్రోస్కోపులోనే మొలకల ఆకారం కనిపిస్తుంది. ఆ తరువాత రామన్, అంటే లేజర్ కాంతి పొర మీద పడి చెదిరే తీరు చూసే పరీక్ష. అందులో వచ్చే గ్రాఫులో శిఖరాల చోటును సెంటీమీటరుకు ఇన్ని తరంగాలని చెబుతారు. 1,350 దగ్గరి డీ శిఖరం లోపాలను చెబుతుంది, అది లేకపోవడమే మంచిది. 1,580 దగ్గరి జీ శిఖరం కన్నా 2,700 దగ్గరి 2డీ శిఖరం రెట్టింపు ఎత్తుండి సన్నగా ఉంటే ఒంటిపొర. రాగి మీదనే కొలిస్తే ఆకుపచ్చ లేజర్‌కు రాగి తన వెలుగు కలిపి వెనక గుట్టలా లేస్తుంది. నీలి లేజర్ వాడాలి, లేదా దించాక కొలవాలి. గాజు మీదికి దించిన ఒంటిపొర కాంతిలో 2.3 శాతం మాత్రమే పీలుస్తుంది. దక్షిణ కొరియా వాళ్లు 2010లో 30 అంగుళాల పొరను రోలర్లతో ప్లాస్టిక్ మీదికి దించి చూపిన అంకెలు ఇప్పటికీ చూడదగ్గవి: ఒంటిపొరకు విద్యుత్ నిరోధం చదరానికి దాదాపు 125 ఓమ్‌లు, నాలుగు పొరలు పేర్చి రసాయనంతో డోపింగ్ చేస్తే, అంటే విద్యుత్తు మోసే శక్తి పెంచితే, 30 ఓమ్‌లు, అప్పుడు కాంతి దాటేది 90 శాతం. ఫోన్ తెరల్లో విద్యుత్తు మోసే పారదర్శక పూతగా ఇప్పటికే ఉన్న ఇండియం టిన్ ఆక్సైడ్‌ను పక్కకు నెట్టడానికి ఇది చాలలేదు. మడతపెట్టే ఫోన్లు వచ్చాయి, వాటిని తెచ్చింది గ్రాఫీన్ కాదు.

ఇప్పుడు కోటింగుల సంగతి. దుకాణాల్లో అమ్మే ‘గ్రాఫీన్ కోటింగ్’ సీసాలో ఉండేది గ్రాఫైట్ నుంచి చేసిన పెచ్చులో, గ్రాఫీన్ ఆక్సైడ్ పొడో, రెజిన్‌లో కలిపినది. దాని మంచిచెడ్డలు దానివి, పైన రాసిన పొరకూ దానికీ సంబంధం లేదు. అసలైన పొరే లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుందన్న మాట కూడా సగమే. కొద్ది నిమిషాలు, గంటలు కాపాడుతుంది, హాట్‌ప్లేట్ పరీక్ష నడిచేది అందువల్లే. నెలల తరబడి మామూలు గాలిలో ఉంచితే గ్రాఫీన్ కప్పిన రాగి ఉత్త రాగి కన్నా ఎక్కువ తుప్పు పట్టిందని బర్క్‌లీ పరిశోధకులు 2013లో చూపించారు. పొరలోని ప్రతి చిల్లు, అతుకు గుండా తేమ లోపలికి పోతుంది. గ్రాఫీన్ విద్యుత్తును మోస్తూ, రాగి కరిగే ధ్రువంగా మారి, అక్కడ చిన్న బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది.

విద్యార్థులకు రెండు మాటలు. పొటాషియం పర్మాంగనేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో గ్రాఫైట్ నుంచి చేసేది గ్రాఫీన్ ఆక్సైడ్. ప్రాజెక్టు రిపోర్టులో దాన్ని ఆ పేరుతోనే రాయండి. 2011లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు బిస్కెట్, చాక్లెట్, గడ్డి, బొద్దింక కాలు వాడి కూడా రాగి మీద గ్రాఫీన్ పెంచారు కాబట్టి ఇంట్లోనూ సాధ్యమే అనుకోకండి. అక్కడా 1,050 డిగ్రీల వేడి, హైడ్రోజన్ ప్రవాహం ఉన్నాయి. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత హైడ్రోజన్ ఉన్నా అంటుకుంటుంది, ఆ మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనపడదు. గొట్టంలోని గాలి పూర్తిగా తీయకుండా హైడ్రోజన్ వదలకూడదు. లీకు పరీక్ష మానకూడదు. బయటికి వచ్చే వాయువు గదిలోకి కాక, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోకి పోవాలి. వేడి మీద గొట్టం తెరవకూడదు. వాయువు డిటెక్టర్ లేని కళాశాల ల్యాబులో, ఎంత ఉత్సాహం ఉన్నా, ఈ పని వద్దు. బెంగళూరు ఐఐఎస్సీ, ముంబయి ఐఐటీల నానో కేంద్రాల్లో బయటి కళాశాలల వారికి శిక్షణ, పరికరాల వాడకం కల్పించే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉంది. దానికి దరఖాస్తు చేసుకోవడం మంచి దారి.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఎక్కడైనా సంస్థగానీ కళాశాలగానీ గ్రాఫీన్ తయారు చేశామని ప్రకటిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. అది పొరా, పొడా? పొరైతే ఏ లోహం మీద, ఎంత విస్తీర్ణం? చెబుతున్న కొలతలు లోహం మీద తీసినవా, దించాక తీసినవా? పది నమూనాలు చేస్తే ఎన్ని అలా వచ్చాయి? జవాబులు వార్తతో పాటు అచ్చువేయండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి.

ఇట్లు,
పలుచని పొరల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
హైదరాబాద్